జవానుగా చేరిన తమ్ముడు ఆఫీసరైన రోజు

మా తమ్ముడు ఆర్మీలో రెండుసార్లు చేరాడని ఊళ్లో అంటుంటారు. ఇంటర్ అయిన ఏడాదే రిక్రూట్‌మెంట్ ర్యాలీలో నెగ్గి జవానుగా వెళ్లాడు. 2024 డిసెంబరు 14న డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ) నుంచి లెఫ్టినెంట్‌గా బయటికొచ్చాడు. అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకుని ఆ పాసింగ్ అవుట్ పరేడ్‌కి, అంటే ట్రైనింగ్ ముగింపు కవాతుకి, వెళ్లింది నేనే. జవానుగా చేరినవాడు అదే సైన్యంలో ఆఫీసర్ కావచ్చన్న సంగతి మా శ్రీకాకుళం జిల్లాలో చాలామందికి తెలియదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఆర్మీ కుర్రాళ్లున్న ఊళ్లలోనే తెలియదు. ఆ దారి ఎలా ఉంటుందో, ఆఖరి రోజు ఇంటివాళ్లకి ఎలా గడుస్తుందో నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా వైపు తెల్లవారుజామున రోడ్డు మీదికొస్తే పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. సముద్రం పక్క ఊళ్లవాళ్లు ఇసకలో పరుగెడతారు, మాలాంటి మెట్ట ఊళ్లవాళ్లు తారురోడ్డు మీద. అప్పట్లో ర్యాలీలో ముందు 1.6 కిలోమీటర్ల పరుగు, తర్వాత బీమ్ మీద పుల్ అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం, సన్నటి దిమ్మ మీద నడక, ఆ పైన మెడికల్, రాతపరీక్ష. తమ్ముడు రెండేళ్లు అదే పనిగా ఉన్నాడు. సెలెక్ట్ అయ్యాక హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్. అది పూర్తయ్యాక జవాన్లకి కసమ్ పరేడ్ జరుగుతుంది, జెండా ఎదుట ప్రమాణం చేయిస్తారు. దానికి నాన్న ఒక్కడే వెళ్లొచ్చాడు. అప్పట్లో అందరం వెళ్లేంత డబ్బు చేతిలో లేదు. తిరిగొచ్చి నాన్న చెప్పిందల్లా ఒక్కటే: "మనోడు ఎండలో కదలకుండా నిల్చున్నాడమ్మా, ఆళ్ల మాస్టార్లు కూడా బాగున్నాడన్నారు." నెలరోజులపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పాడు.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. ఉద్యోగం వచ్చింది, ఇంటి అప్పు తీరింది, ఇక పెళ్లి చేయడమే అనుకున్నాం. వాడి యూనిట్‌లో ఒక కుర్ర కెప్టెన్ ఉండేవారట. రాత్రి డ్యూటీ దిగాక మావాడు తోటి జవాన్లకి లెక్కలు చెబుతుంటే చూసి, "నువ్వు ఏసీసీ ఎందుకు రాయకూడదు?" అని అడిగారట. అంతవరకు మావాడికీ ఆ మాట సరిగ్గా తెలియదు. పుస్తకాలు తెప్పించి ఇచ్చింది ఆయనే, రోజూ అరగంట ఇంగ్లిష్‌లో మాట్లాడించిందీ ఆయనే. ఆ కెప్టెన్‌ని మేం ఎప్పుడూ చూడలేదు. కానీ మా ఇంట్లో దేవుడికి దీపం పెట్టేటప్పుడు అమ్మ ఆయన్ని కూడా తలుచుకుంటుంది.

ఏసీసీ అంటే ఆర్మీ కేడెట్ కాలేజ్. సర్వీసులో ఉన్న జవాన్ల నుంచి ఆఫీసర్లని తయారుచేసే చోటు. 1929లో మధ్యప్రదేశ్‌లోని నౌగావ్‌లో పెట్టిన కిచెనర్ కాలేజీ దగ్గర దీని చరిత్ర మొదలవుతుంది. 1977లో డెహ్రాడూన్‌కి వచ్చింది, ఇప్పుడు ఐఎంఏలోనే ఒక భాగంగా నడుస్తోంది. ఇంటర్ పాసై ఉండాలి, కనీసం రెండేళ్ల సర్వీసు ఉండాలి, వయసు 20 నుంచి 27 మధ్య ఉండాలి. ముందు రాతపరీక్ష, తర్వాత ఎస్ఎస్‌బి, అంటే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఎంపిక. ఈ ఎస్ఎస్‌బిలో ఐదు రోజులు మనిషిని అన్ని వైపుల నుంచీ చూస్తారు. మావాడు మొదటిసారి ఆఖరి కాన్ఫరెన్స్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆ రాత్రి ఫోన్‌లో వాడి గొంతు నాకింకా గుర్తుంది. "ఈసారికి అవ్వలేదక్కా, మళ్లీ రాస్తాను" అన్నాడు. రాశాడు. వచ్చింది.

తర్వాత మూడేళ్లు ఏసీసీ వింగ్‌లో చదువు. ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) పేరుతో డిగ్రీ ఇస్తారు. డిగ్రీ అయ్యాక ఐఎంఏలో ఒక సంవత్సరం. అక్కడ ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మూడేళ్లు గడిపి వచ్చిన పిల్లలతో, డిగ్రీ చేసి సీడీఎస్ పరీక్ష రాసి నేరుగా వచ్చినవాళ్లతో కలిసి ఉండాలి. అప్పట్లో అందరినీ జెంటిల్మన్ కేడెట్ అనే పిలిచేవాళ్లు, పొట్టిగా జీసీ. ఎన్‌డీఏ నుంచి వచ్చినవాళ్లకి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లుంటాయి. ఏసీసీ నుంచి వచ్చినవాళ్లు వాళ్లకన్నా నాలుగైదేళ్లు పెద్ద. కొండల్లో మంచులో కాపలా కాసి వచ్చినవాళ్లు. అయినా అదే పరుగు, అదే డ్రిల్, తప్పు చేస్తే అదే శిక్ష. "వయసు గురించి ఎవరూ అడగరక్కా, టైమింగే అడుగుతారు" అనేవాడు తమ్ముడు.

పరేడ్‌కి రెండు నెలల ముందే ఇంటి నుంచి ఎవరెవరు వస్తారో చెప్పమన్నాడు. పేర్లు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే పంపాలి, పాస్‌లు దాన్ని బట్టే తయారవుతాయి. ఇలా వెళ్లబోయేవాళ్లకి నేను చెప్పేది ఇదే: పాస్ మీది పేరూ, మన చేతిలో ఉన్న కార్డు మీది పేరూ అక్షరం తేడా లేకుండా ఉండేలా ముందే చూసుకోండి. ఉండే చోటు కూడా ముందే మాట్లాడుకోండి. ఆ వారం ఐఎంఏ చుట్టుపక్కల ప్రేమ్‌నగర్, బల్లూపుర్‌లలో గదులు దొరకడం కష్టం. జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి, ఏడాదికి రెండుసార్లు ఈ పరేడ్ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు ఒకేసారి దిగుతాయి.

బట్టల దగ్గర నాన్న చాలా ఆలోచించాడు. అక్కడ అందరూ సూట్లు వేసుకుంటారని ఎవరో చెప్పారు. నాన్న జన్మలో ప్యాంటు వేసుకున్న మనిషి కాదు. ఫోన్‌లో మొహమాటంగా అడిగాడు, "ఏరా, పంచెతో రానిస్తారా?" అని. "పొందూరు పంచే కట్టుకో నాన్నా. లోపల మాత్రం థర్మల్స్ వేసుకో, చలి మామూలుగా ఉండదు" అన్నాడు తమ్ముడు. నాన్న ముఖం విప్పారింది. మర్నాడే పొందూరు వెళ్లి కొత్త ఖద్దరు పంచె, కండువా తెచ్చుకున్నాడు. అమ్మ పలాస జీడిపప్పు, అరిసెలు, కందిపొడి సర్దింది.

విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, ఢిల్లీ నుంచి శతాబ్దిలో డెహ్రాడూన్. ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. హరిద్వార్ స్టేషన్ వచ్చినప్పుడు అమ్మ లేచి నిలబడి కిటికీకి దణ్ణం పెట్టుకుంది. డెహ్రాడూన్‌లో దిగేసరికి ఉత్తరాన మస్సూరీ కొండలు కనిపించాయి. చీకటి పడ్డాక ఆ కొండ మీద దీపాలు వరుసగా వెలిగాయి.

మేమున్న లాడ్జిలోనే ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం దిగింది. వాళ్లబ్బాయి కూడా ఏసీసీ నుంచే. తండ్రి కుమావ్ రెజిమెంట్‌లో హవల్దార్‌గా రిటైరయ్యారు. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి హిందీ రాదు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీతో మధ్యలో నేను నడిపించాను. "ఇరవై ఏళ్లకి పైగా ఆఫీసర్లకి సెల్యూట్ కొట్టాను. రేపు నా కొడుక్కి కొడతాను" అన్నారాయన. కళ్లలో నీళ్లు పెట్టుకోలేదు, గొంతు మాత్రం బొంగురుపోయింది. అమ్మ జీడిపప్పు పొట్లం వాళ్లావిడ చేతిలో పెట్టింది. ఆవిడ అల్మోరా బాల్ మిఠాయి డబ్బా తీసి ఇచ్చింది. భాష లేకుండానే ఆడవాళ్లిద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా పిల్లల చిన్ననాటి ఫొటోలు చూపించుకుంటూ కూర్చున్నారు.

తమ్ముడు మర్నాడు బ్లేజర్, టైతో వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. అమ్మ వాణ్ణి చూసి, "ఏటిరా, ఇంత సిక్కిపోనావు?" అని బుగ్గలు తడిమింది. వాడు వంగి అమ్మ కాళ్లకీ నాన్న కాళ్లకీ దణ్ణం పెట్టాడు. చుట్టూ ప్రతిచోటా అదే దృశ్యం. పంజాబీ తల్లులు, మణిపూర్ తల్లులు, తమిళ తల్లులు, అందరూ ముందు బుగ్గలే తడుముతున్నారు.

పరేడ్‌కి ముందు ఒక సాయంత్రం కేడెట్ల విన్యాసాలు చూపించారు. గుర్రాలు, జిమ్నాస్టిక్స్, కసరత్తులు. బాగున్నాయి. కానీ నా మనసులో నిలిచింది వేరే. దారిలో ఖేత్రపాల్ ఆడిటోరియం చూపించి, ఆ పేరు ఎవరిదో తమ్ముడు చెప్పాడు. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ 1971 జూన్‌లో ఇదే అకాడమీ నుంచి బయటికొచ్చాడు. అదే ఏడాది డిసెంబరు 16న పాకిస్తాన్‌తో జరిగిన బసంతర్ యుద్ధంలో తగలబడుతున్న ట్యాంకు వదిలి రమ్మన్నా రాకుండా పోరాడి చనిపోయాడు. 21 ఏళ్లు. పరమవీర చక్ర ఇచ్చారు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఆరు నెలలేనా?" అంది. ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి తనే, "ఆళ్లమ్మ కూడా ఇలాగే వచ్చుంటాది ఇక్కడికి" అంది.

వచ్చేవాళ్లు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలని నాకనిపిస్తుంది. ఇది కాలేజీ కాన్వకేషన్ లాంటిది కాదు. అక్కడ అందరూ నవ్వుతూనే ఉంటారు, ఫొటోలు దిగుతూనే ఉంటారు. ఆ లోపల యుద్ధ స్మారకం ఉంది, దాని మీద ఈ మైదానంలోనే కవాతు చేసి వెళ్లినవాళ్ల పేర్లున్నాయి. బిడ్డని దేనికి పంపుతున్నామో తెలిసే ప్రతి తల్లీ తండ్రీ ఆ కుర్చీల్లో కూర్చుంటారు.

పరేడ్ రోజు ఇంకా చీకటి ఉండగానే లేచాం. గీజరు నీళ్లు సరిగ్గా కాగకముందే నాన్న స్నానం చేసేశాడు, తడి జుట్టుతో వణుకుతూనే పంచె మడతలు సరిచూసుకున్నాడు. చక్రాతా రోడ్డు మీద ఆ పొద్దున ట్రాఫిక్ మళ్లించేస్తారు, కాబట్టి ఎంత ముందుగా బయల్దేరితే అంత మంచిది. బ్యాగులేవీ తేవద్దని తమ్ముడు ముందే గట్టిగా చెప్పాడు. పాస్, ఆధార్ కార్డు, శాలువా, అంతే. గేటు దగ్గర తనిఖీ చేసిన జవాను నాన్న ఖద్దరు కండువా చూసి, "ఆంధ్రా సే?" అని అడిగి, చెయ్యి పట్టుకుని మెట్టు దింపాడు.

మేం కూర్చునేసరికి మైదానం మీద మంచు పొర ఉంది. ఎదురుగా చెట్‌వుడ్ బిల్డింగ్, మధ్యలో గడియారపు గోపురం. వెలుతురు పెరిగేకొద్దీ ఎర్రటి ఇటుక గోడలు ఒక్కొక్కటీ తేలాయి. ఆ మైదానాన్ని డ్రిల్ స్క్వేర్ అంటారు. 1932లో 40 మంది కేడెట్లతో ఈ అకాడమీ మొదలైంది. ఆ మొదటి బ్యాచ్ 1934 డిసెంబరులో బయటికొచ్చింది. అందులో ఒకరు మన ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా, ఒకరు పాకిస్తాన్ సైన్యాధిపతి అయిన మహమ్మద్ మూసా, ఇంకొకరు బర్మా సైన్యాధిపతి అయిన స్మిత్ డన్. ఒకే తరగతిలో కూర్చున్నవాళ్లు మూడు దేశాల సైన్యాలని నడిపించారు. ఇప్పటికీ ఇతర దేశాల కేడెట్లు ఇక్కడ చదువుతూనే ఉన్నారు. ఆ రోజు మనవాళ్లు 456 మంది, మిత్రదేశాలవాళ్లు 35 మంది బయటికొచ్చారు.

మార్కర్స్ కాల్ అనే బ్యూగిల్ పిలుపు మోగింది. కంపెనీకి, అంటే కేడెట్ల ఒక్కో జట్టుకి, ఒక సార్జెంట్ మేజర్ వచ్చి తన చోటులో నిలబడ్డాడు. అప్పటిదాకా ఆ ఖాళీ మైదానం అంత పెద్దదని అనిపించలేదు. తర్వాత అడ్వాన్స్ కాల్. బ్యాండ్ మొదలైంది. కేడెట్లు వరసలు వరసలుగా లోపలికొచ్చారు. బూట్ల చప్పుడు ఒక్కటిగా నేల మీద పడుతుంటే కుర్చీ కాళ్ల దాకా అదురు తెలిసింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఏడీ? ఏడీ మనోడు?" అని అడుగుతూనే ఉంది. అందరూ ఒకే ఎత్తున, ఒకే యూనిఫాంలో, ఒకే నడకలో ఉన్నారు. కన్నతల్లికి కూడా అంత దూరం నుంచి పోల్చుకోవడం కష్టమే. వాడు ఏ కంపెనీలో, ఏ వరసలో, ఎడమ నుంచి ఎన్నోవాడో ముందురోజు రాత్రే నాకు చెప్పి ఉంచాడు. మీరు వెళ్తే ఇది తప్పకుండా అడిగి పెట్టుకోండి. నేను వేలుతో చూపించాను. అమ్మ ఆ తర్వాత రెప్ప వాల్చలేదు.

పరేడ్‌ని సమీక్షించడానికి వచ్చింది నేపాల్ సైన్యాధిపతి జనరల్ అశోక్ రాజ్ సిగ్దెల్. మన సైన్యాధిపతికి నేపాల్, వాళ్ల సైన్యాధిపతికి మనం గౌరవ జనరల్ హోదా ఇచ్చుకునే ఆనవాయితీ చాలా ఏళ్లుగా ఉంది. ఆయనకి ఆ గౌరవం మన రాష్ట్రపతి చేతుల మీదుగా దక్కి అప్పటికి రెండు రోజులే. ఆయన వరసల మధ్య నడిచి ప్రతి కంపెనీనీ చూశారు. ముందువరసలో ఆగి కొందరితో మాట్లాడారు. తర్వాత బహుమతులు. కోర్సు మొత్తంలో అన్నిటా ముందున్న కేడెట్‌కి స్వోర్డ్ ఆఫ్ ఆనర్, మెరిట్‌లో మొదటి ముగ్గురికి బంగారు, వెండి, కంచు పతకాలు. మావాడికి ఏ పతకమూ రాలేదు. ఇంగ్లిష్ సరిగ్గా రాని ఊరి బడి నుంచి వచ్చి ఆ వరసలో నిలబడటమే మాకు పతకం.

తర్వాత నెమ్మది నడకలో ఒకసారి, వేగం నడకలో ఒకసారి కంపెనీలు వేదిక ముందు నుంచి వెళ్లాయి. వేగం నడక చూడటానికి బాగుంటుంది గానీ, కష్టమంతా నెమ్మది నడకలోనే ఉందని తమ్ముడు చెప్పాడు. కాలు గాల్లో ఉండగా ఒంటి కాలి మీద శరీరం ఊగకూడదు. అందరి కాలూ ఒకే ఎత్తులో ఆగాలి. దానికోసం నెలల తరబడి ఆ మైదానంలోనే పొద్దుటి చలిలో నిలబడ్డారు.

ఆఖరున వచ్చేది అంతిమ్ పగ్, అంటే చివరి అడుగు. చెట్‌వుడ్ బిల్డింగ్ మెట్ల దగ్గర ఆ గీత ఉంటుంది. కోర్సు పూర్తిచేసిన కేడెట్లు నెమ్మది నడకలో, పాత స్కాటిష్ వీడ్కోలు బాణీకి అడుగులేస్తూ, మెట్లెక్కి ఆ గీత దాటి లోపలికి వెళ్లిపోతారు. అది దాటితే అకాడమీలో వాళ్ల చదువు అయిపోయినట్టే. వెనక మిగిలిన జూనియర్లు సెల్యూట్‌లో నిలబడతారు. సరిగ్గా అప్పుడే హెలికాప్టర్లు వచ్చి పైనుంచి పూలరేకులు చల్లాయి. నేను తమ్ముడినే చూస్తున్నాను. వాడు పైకి చూడలేదు, పక్కకి చూడలేదు. ఒక రేకు భుజం మీద పడింది. అలాగే మెట్లెక్కాడు, గీత దాటాడు. మా పక్కన నాన్న లేచి నిలబడ్డాడని నాకు తర్వాతగానీ తెలియలేదు. పిథోరాగఢ్ హవల్దార్‌గారు సావధాన్‌లో, కదలకుండా నిటారుగా ఉన్నారు.

పరేడ్ అయ్యాక పిప్పింగ్. ఇంటివాళ్లు అకాడమీకి వచ్చేది నిజంగా దీనికోసమే. కొత్త ఆఫీసరు రెండు భుజాల మీద రెండేసి నక్షత్రాలు, వాటిని అలంకరించేది ఇంట్లోవాళ్లే. తల్లి ఒక భుజం, తండ్రి ఒక భుజం. తల్లిదండ్రులు లేనివాళ్లకి అన్నలు, మేనమామలు, చదువు చెప్పిన మాస్టర్లు వచ్చారు. ఒకబ్బాయికి అతని పాత యూనిట్ సుబేదార్ వచ్చి పెట్టారు. ఏసీసీ నుంచి వచ్చినవాళ్లలో ఇలా చాలామందికి సొంత యూనిట్‌వాళ్లు వచ్చారు. అదీ ఒక ఇల్లే కదా.

అమ్మ చేతులు వణికాయి. జీవితమంతా నాట్లు వేసి, జీడిపిక్కలు కొట్టి బండబారిన వేళ్లవి. జీడి సొన మచ్చలు ఆ వేళ్ల మీద ఎప్పటికీ పోవు. ఆ వేళ్లతో అమ్మ నక్షత్రాలు సరిచేస్తుంటే తమ్ముడు మోకాళ్లు కొద్దిగా వంచి ఎత్తు తగ్గాడు. "కంగారు లేదమ్మా, నెమ్మదిగా పెట్టు" అన్నాడు. నాన్న రెండో భుజం పూర్తిచేసి, రెండడుగులు వెనక్కి వేసి, కొడుకుని పైనుంచి కిందిదాకా చూసి, ఏమీ అనలేక నమస్కారం పెట్టాడు. రెండు చేతులూ జోడించి, ఊళ్లో పెద్దమనిషికి పెట్టినట్టు. తమ్ముడు ఆ చేతులు పట్టుకుని దించేసి సెల్యూట్ కొట్టాడు. అప్పుడు ఏడ్చాం, ముగ్గురమూ. ఆ మైదానంలో ఏడవని కుటుంబం ఒక్కటీ కనిపించలేదు.

తర్వాత అందరితో కలిసి ప్రమాణం. నేల మీదా, నీటి మీదా, గాలిలో ఎక్కడికి పంపినా వెళ్తామని, ప్రాణాపాయం ఉన్నా ఆజ్ఞ పాటిస్తామని. ఆ మాటలు పూర్తయ్యేసరికి వాళ్లు లెఫ్టినెంట్లు. ఆ మరుక్షణం అరుపులు, టోపీలు గాల్లోకి, గడ్డి మీద గుంపులు గుంపులుగా పుష్ అప్స్. మావాడి కంపెనీవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు ఎక్కి నినాదాలిచ్చారు.

కాసేపటికి ఒక సుబేదార్‌గారు మా దగ్గరికొచ్చారు. డ్రిల్ నేర్పిన ఉస్తాద్ ఆయన. మొన్నటిదాకా కాలు సరిగ్గా ఎత్తలేదని మైదానమంతా వినబడేలా కేకలేసిన మనిషి. మడమలు కలిపి, తమ్ముడికి సెల్యూట్ చేసి, "జై హింద్ సాబ్" అన్నారు. తమ్ముడు తిరిగి సెల్యూట్ చేసి, వెంటనే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మిగతా పిల్లలకి అది సంబరం. మావాడికి ఇంకా ఎక్కువ. కొన్నేళ్ల కిందట వాడు సెల్యూట్ చేసే వైపు ఉన్నాడు. అవతలివైపు నిలబడటం ఎలా ఉందని రాత్రి అడిగాను. "భయంగా ఉందక్కా. ఆయన వయసుకి, ఆయన సర్వీసుకి నేను సరిపోవాలి కదా" అన్నాడు.

జనం కొంచెం పలచబడ్డాక చెట్‌వుడ్ హాల్ ద్వారం దగ్గరికి తీసుకెళ్లి అక్కడ చెక్కిన మాటలు చూపించాడు. 1932 డిసెంబరు 10న ఈ అకాడమీని ప్రారంభిస్తూ ఫీల్డ్ మార్షల్ ఫిలిప్ చెట్‌వుడ్ చేసిన ప్రసంగంలోవి. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ, ప్రతిసారీ ముందు. ఆ తర్వాత నువ్వు నడిపించే సైనికుల గౌరవం, సంక్షేమం, సౌఖ్యం. నీ సొంత సుఖం, సౌఖ్యం, భద్రత ఎప్పుడూ, ప్రతిసారీ చివర. నేను చదివి తెలుగులో చెప్పాను. నాన్న తలూపుతూ విన్నాడు. తమ్ముడు నాన్న వైపు తిరిగి, "ఉడుపులప్పుడు కూలీలందరికీ అంబలి పోశాకగానీ నువ్వు ముట్టేవాడివి కాదు కదా నాన్నా, అదే ఇది" అన్నాడు. నాన్న, "మరి ఆళ్లు తినకుండా మనం ఎలా తింటాం?" అన్నాడు, అందులో విశేషమేముందన్నట్టు.

ఆ మధ్య వాక్యం నేను మళ్లీ చదివాను. నువ్వు నడిపించే సైనికులు. కేడెట్లందరూ అది కంఠస్థం చేస్తారు. కానీ మావాడూ, పిథోరాగఢ్ అబ్బాయీ ఆ సైనికులుగా బతికి వచ్చారు. సెలవు దరఖాస్తు మీద సంతకం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. ఇంట్లో తల్లికి ఒంట్లో బాగోలేదని తెలిసి పోస్టు మీద రాత్రి గడపడం తెలుసు. పుస్తకాలు తెప్పించి ఇచ్చే ఒక కెప్టెన్ ఉంటే ఒక జవాను జీవితం ఎటు తిరుగుతుందో కూడా తెలుసు. ఏసీసీ నుంచి వచ్చే ఆఫీసర్లు సైన్యానికి ఎంత విలువైనవాళ్లో నాకు అక్కడే అర్థమైంది. ఇంకా ఎక్కువమంది మన పిల్లలు ఆ దారిలో వెళ్లాలని గట్టిగా కోరుకున్నాను.

మధ్యాహ్నం భోజనం, వీడ్కోళ్లు, సామాను సర్దుకోవడం. వాడి గదిలో నల్ల ట్రంకు పెట్టె ఉంది, గోల్కొండలో చేరినప్పుడు కొన్నదే. దాని మీద తెల్ల రంగుతో గన్నర్ అని హోదా, పేరు, జవాను నంబరు రాసి ఉండేవి. వాటి మీద నల్లరంగు పూసి, ఐసీ అక్షరాలతో మొదలయ్యే కొత్త ఆఫీసరు నంబరు, లెఫ్టినెంట్ అని పేరు రాయించాడు. "పెట్టె మార్చలేదేం?" అని అడిగితే, "గట్టిగానే ఉంది కదా" అన్నాడు.

సెలవులో మాతోపాటే ఊరికొచ్చాడు. సంక్రాంతికి ముందు వారమంతా మా అరుగు మీద కుర్రాళ్లే. ర్యాలీకి పరుగెత్తేవాళ్లు కొందరు, ఇప్పటికే సర్వీసులో ఉండి సెలవు మీద వచ్చినవాళ్లు కొందరు. సర్వీసులో ఉన్నవాళ్లకి తమ్ముడు చెప్పిందేమిటంటే, ఏసీసీ నోటిఫికేషన్ యూనిట్ ద్వారానే వస్తుంది, అప్లికేషన్ కూడా యూనిట్ ద్వారానే వెళ్లాలి. కాబట్టి క్లర్కు దగ్గర ముందు నుంచే కనుక్కుంటూ ఉండండి, మీ ఆఫీసర్‌తో మొహమాటం లేకుండా చెప్పండి. ఇంగ్లిష్‌కి భయపడకండి, రోజూ పేపర్ ఒక పేజీ పైకి చదవండి. వయసు 27 దాటితే ఎవరూ ఏమీ చేయలేరు, కాబట్టి వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేయకండి. సికింద్రాబాద్‌లో ఈఎంఈలో (ఆర్మీలో యంత్రాల మరమ్మతు చూసే విభాగం) పనిచేస్తున్న మా పక్కవీధి అబ్బాయికి ఇరవై మూడేళ్లు. తమ్ముడు తన పాత పుస్తకాలన్నీ, మార్జిన్‌లో ఆ కెప్టెన్ పెన్సిల్‌తో రాసిన నోట్సుతో సహా, ఒక సంచిలో పెట్టి అతనికిచ్చాడు. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి ఎస్ఎస్‌బిలో గ్రూప్ టాస్కులు ఎలా ఉంటాయో బొమ్మలు గీసి చెప్పాడు. ఆ అబ్బాయి ఇప్పుడు రాతపరీక్షకి చదువుతున్నాడు. తమ్ముడు తన యూనిట్ నుంచి ఆదివారాలు ఫోన్ చేసి అతనితో ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తున్నాడు.